చేటలో ఆరని చిలకలు

తడి రంగును మడవకూడదు, అందుకే చేట. పళ్ళెం చిన్నది, అట్టముక్క వంగిపోతుంది, ఇంట్లో ఇంకేం ఉంది కనుక, నాయనమ్మ బియ్యం చెరిగే చేట తీసి దాంట్లో పాత పేపరు వేసి, పేపరు మీద బొంత పరిచి, ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని నరసరావుపేట బస్సులో కూర్చున్నాను. రెండు చేతులూ చేట అంచుల్ని పట్టుకునే ఉండాలి. ముక్కు దురదగా ఉంది, గోక్కోలేను. బస్సు నిండా ఆడవాళ్ళే, ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేకుండా చేసినప్పటి నుంచీ నిలబడడానికి చోటు దొరికితే చాలన్నట్టుంది, అయినా ఈ సీటు దొరికిందంటే అది నాయనమ్మ మోచేతుల పుణ్యం. అందరూ చేటలోకి చూస్తున్నారు, చేటలోకి చూసి నా మొహంలోకి చూస్తున్నారు. ఎవరైనా చూస్తే నాకు చెవులు వేడెక్కుతాయి. క్లాసులో హాజరు పలకడానికే రెండుసార్లు గొంతు సర్దుకుంటాను. అలాంటిది ఇవాళ ఒక మాట చెప్పడానికి వెళ్తున్నాను. ఒక్క మాటే. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా అది నాలుక చివరిదాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతోంది.

"ఏందమ్మా అయ్యి, వడియాలా?" అంది పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఒకామె. చంకలో అన్నం క్యారేజీ, తలకు కట్టిన తువ్వాలు, మిరపకోతకు పోతున్నట్టుంది.

"వడియాలు గాదు, బొంత," అంది నాయనమ్మ నా బదులు.

"ఇంతేనా? ఎవురికి, పిల్లికా?"

"గోడకంట. దీని చదువు అట్టాంటిది. గోడకి చలేసిద్దంట."

ముందు సీట్లోవాళ్ళు కూడా తిరిగి నవ్వారు. నాయనమ్మ ఈ మాట రెండేళ్ళుగా ఊళ్ళో అందరికీ చెబుతోంది, చర్చిలో పాస్టరమ్మగారికి కూడా చెప్పింది, అయినా నా బొంత ఏది పూర్తయినా ముందు తనే చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి కుట్లు చూస్తుంది. ముందు వైపు బొమ్మ ఆమెకు అక్కర్లేదు. "ఎనక శుభ్రంగా ఉంటే మనిషి శుభ్రంగా కుట్టినట్టు" అంటుంది. నాకు కుట్టు నేర్పింది హన్నమ్మ అనే ఈ నాయనమ్మే. పెద్ద బొంతలకు దబ్బనం వాడుతుంది, నా చిన్నవాటికి సన్న సూది ఇచ్చింది. కింద ఎడమచేతి వేలు పెట్టుకోవాలి, సూది దిగినప్పుడు మొన ఆ వేలికి చిన్నగా తగలాలి, తగిలితేనే మూడు పొరలూ పట్టినట్టు. పైన ముక్కలు, మధ్యలో నాన్న చిరిగిన తువ్వాలు, అడుగున ఏదో ఒక పాత చీర. రోజూ సాయంత్రం డైరీ రాసేటప్పుడు ఆ వేలి కొసన సూది చుక్కలు చూసుకుంటాను. అవి కనబడితే ఆ రోజు వృథా కాలేదనిపిస్తుంది. ఈ బొంత జానెడు వెడల్పు, మూరెడు పొడవు. పైన నీలాకాశం, దాని కింద రెండు పసుపు కొండలు, కొండల నిండా ఎర్రమట్టి రంగు చిలకలు. చిలకలు ఇంకా ఆరలేదు. ఆరకపోవడానికి కారణం నేనే. అసలు వాటిని మళ్ళీ వేయాల్సి రావడానికి కూడా కారణం నేనే.

గుడ్డ మీద ముందే ప్రింటు ఉన్నా దాని మీద మళ్ళీ రంగు వేయొచ్చని నాకు మాధురి టీచర్ చూపించింది. వాన పడి ఆటలు లేని ఒక పీరియడ్‌లో తన ఫోను బెంచీ మీద నిలబెట్టి, ఎక్కడో చాలా దూరపు దేశంలో తెల్లజుట్టు ఆడవాళ్ళు చిన్న చిన్న బొంతలు కుట్టి, వాటి మీద కుంచెతో ఆకులు, పిట్టలు వేసి గోడలకు తగిలించడం చూపించింది. మిగతా పిల్లలు మాట్లాడుకుంటున్నారు. నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. టీచర్ అది గమనించింది, ఏమీ అనలేదు, వచ్చే వారం పేట నుంచి ఆరు చిన్న రంగు సీసాలు తెచ్చి నా బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఏమైనా అని ఉంటే నేను తీసుకునేదాన్ని కాదు. అలా ఏమీ అనకుండా ఇచ్చేవాళ్ళే నాకు ఎక్కువ దొరికారు. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది, దారం రీలు అడుగు బండిచక్రం అవుతుంది, పెన్ను మూత గింజ అవుతుంది. "కూరకని కాయలిస్తే పూలేసుకుంటావా" అని అమ్మ కేకలేసి, మర్నాటి నుంచి ముదిరిన కాయలు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ముదిరినవాటికి పువ్వు ఇంకా బాగా పడుతుంది.

కాలువ దాటుతున్నాం. నీళ్ళ వాసన, వెంటనే మిరపకాయల ఘాటు. రోడ్డు పక్క కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి, ఎంత ఎరుపంటే ఆ ఎరుపు ఏ సీసాలోనూ లేదు, ఎరుపులో కాస్త నారింజ కలిపి, ఇంకొంచెం ముదురు కలిపి చూశాను, రాలేదు. బస్సులో నలుగురు తుమ్మారు. నాకూ తుమ్మొచ్చింది, చేట కదలకుండా మెడ పక్కకు తిప్పి నాయనమ్మ భుజం మీద తుమ్మాను. "నా కొత్త రైకే దొరికిందా" అంది. ఆ రైక మెహ్జబీన్ పెద్దమ్మ కుట్టింది. ఇంకా కత్తెర పట్టే రోజుల్లో కోసి కుట్టిన ఆఖరి రైకల్లో అదొకటి, నాయనమ్మ దాన్ని కొత్తది కొత్తది అంటూ రెండేళ్ళుగా ఊళ్ళకు పోయేటప్పుడే వేసుకుంటోంది.

మెహ్జబీన్ పెద్దమ్మకే నేను మాట చెప్పాలి.

మా వీధి మలుపులో వాళ్ళ ఇల్లు. వసారాలో మిషను, కిటికీ కింద కోతబల్ల, పైన రేకు. ఆరో తరగతిలో మొదటిసారి ఆ వసారా మెట్టు దగ్గర నిలబడ్డాను, బల్ల కింద పడుతున్న ముక్కల్ని చూస్తూ. అడగలేదు. ఎంతసేపు నిలబడ్డానో, ఆమె మిషను ఆపి, "నోట్లో ముత్యాలున్నయ్యా, రాల్తయ్యని భయమా?" అంది, ముక్కలు రెండు గుప్పిళ్ళు తీసి నా గౌను ఒడిలో వేసింది. ఆ తర్వాత నేను నిలబడాల్సిన పని కూడా లేకుండా చేసింది. వారమంతా పడ్డ మంచి ముక్కల్ని ఏరి, చుట్టచుట్టి, ఏదో ఒక గుడ్డ అంచు చీలికతో కట్టి కిటికీలో పెట్టేది. శనివారం బడి నుంచి వస్తూ నా మూట నేను తీసుకుని వచ్చేయడమే. ముక్కల్లో పువ్వులుండేవి, గళ్ళుండేవి, ఏనుగులుండేవి, ఎవరి పెళ్ళిదో పట్టు అంచు వేలెడంత ఉండేది. నాలుగేళ్ళలో ఆమెకు నేను థాంక్స్ చెప్పిన గుర్తు లేదు. ఆమె కూడా ఎదురుచూసినట్టు లేదు. మిషను తొక్కుతూ తల ఊపేది, అంతే. ఆ తల ఊపడం నాకు ఎంత ఇష్టమో డైరీలో రాసుకున్నాను గానీ ఆమెకు డైరీ చదవడం ఎలా కుదురుతుంది.

ఆ శనివారం కిటికీలో రెండు మూటలున్నాయి. ఆమె నోట్లో దారం పట్టుకుని, మిషను మీద వంగి ఉంది. నన్ను చూసి గడ్డంతో కిటికీ వైపు చూపించింది. రెండూ ఒకే తీరుగా చుట్టి ఉన్నాయి, రెండింటికీ గుడ్డ చీలికే కట్టి ఉంది. ఏది పెద్దమ్మా నాది? ఇదీ నేను అడగాల్సింది. ఇన్నిసార్లు లెక్కపెట్టుకున్నాను, మూడు మాటలు. ఆమె మిషను ఆపాలి, నోట్లో దారం తీయాలి, నావైపు తిరగాలి, అదంతా నా మూలంగా. అందుకని దగ్గరగా ఉన్నది తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి విప్పితే రెండే ముక్కలు, పెద్దవి, పసుపు మీద ఎర్రమట్టి రంగు చిలకలు, ఒక్కో ముక్క పైభాగం గుండ్రంగా లేచి రెండు పక్కలా దిగి ఉంది. నాకు జాకెట్టు చేతులని తట్టలేదు. కొండలని తట్టింది. అప్పుడే బడివాళ్ళు కొండవీడు తీసుకెళ్ళి తెచ్చారు, మెట్లెక్కి కాళ్ళు పీకుతున్నా కళ్ళు మూస్తే ఆ కొండలే, ఎండలో పసుపు పచ్చగా. ఇంత పెద్ద ముక్కలు పెద్దమ్మ నాకోసం దాచిందని కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే అడుగు భాగం కత్తిరించి, అంచులు లోపలికి మడిచి, నీలం మీద రెండు కొండల్నీ కుట్టేశాను. నేను కుట్టినవాటిలో అదే బాగుంది. ఇప్పటికీ అదే.

"ఆధార్ చూపించమ్మా." కండక్టరు వచ్చాడు. నాయనమ్మ తన కార్డు రైకలోంచి తీసింది, చెమటకు మెత్తబడి ఉంది. నాది నా సంచిలో ఉంది, సంచి కాళ్ళ దగ్గరుంది, చేతులు చేట దగ్గరున్నాయి. "దాని చేతులు ఖాళీ లేవయ్యా, నా మనవరాలే, మొహం చూడు, నా ముక్కే గదా" అంది నాయనమ్మ. "మీ ముక్కు ఆధార్‌లో లింకయిందా మామ్మా?" అన్నాడతను. మళ్ళీ నవ్వులు. మిరపకోత ఆమె వంగి నా సంచి తీసి, కార్డు వెతికి, చూపించి, మళ్ళీ లోపల పెట్టి, జిప్పు కూడా వేసింది. పేరు తెలియదు. నేను తల ఊపాను. తల ఊపితే సరిపోతుందని ఎవరు చెప్పారు నాకు?

సోమవారం బడి నుంచి వస్తుంటే పెద్దమ్మ వసారాలో జనం. కిరాణా కొట్టు మంగతాయారమ్మగారు మెట్టు మీద నిలబడి ఉన్నారు. వాళ్ళమ్మాయి హరితక్కకు బుధవారం నిశ్చితార్థం. జాకెట్టు ఒళ్ళంతా కుట్టడం అయిపోయింది, చేతులు లేవు. పెద్దమ్మ బల్ల కింద, మిషను కింద, ముక్కల సంచి బోర్లించి, బియ్యం డబ్బాలో కూడా చూసింది. ఆమె పెద్దకూతురు ఫర్జానక్క మంచం ఎత్తి చూస్తోంది. "పసుపు మీద చిలకలమ్మా, ఇక్కడే చుట్టి పెట్టా, నా చేతుల్తో పెట్టా" అంటోంది పెద్దమ్మ. నా రెండు కొండలూ గుర్తొచ్చాయి. అప్పుడే ఆమె నన్ను చూసింది. అంత కంగారులోనూ, "మొన్న నీ మూట తీసకపోలేదేందే సుస్మితా, అట్నే ఉంది చూడు" అని కిటికీలోని రెండో మూట తీసి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. నోరు తెరిచాను కూడా. మంగతాయారమ్మగారు నావైపు చూశారు, ఫర్జానక్క చూసింది, వీధిలో వాళ్ళు చూశారు, నోరు మూసుకున్నాను.

"పొద్దున చెత్త ముక్కలు నీళ్ళ పొయ్యిలో వేశా గదా," అంది పెద్దమ్మ చివరికి, మెట్టు మీద కూలబడి. "దాంట్లో పోయుంటయ్. నేనే ఏసుంటా."

మంగతాయారమ్మగారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనీలే మెహ్జబీనూ, నిన్నేమంటాం. వయసు. వేరే గుడ్డతో చేతులెయ్యి, ఏం చేస్తాం. ఇంక ఆ కత్తెర పిల్లకియ్యరాదూ?" అన్నారు, నెమ్మదిగా, మంచిగానే. జాకెట్టుకు ముదురెరుపు చేతులు వేశారు, ఫోటోల్లో హరితక్క బాగానే ఉంది. పెద్దమ్మ మాత్రం మర్నాటి నుంచి బల్ల దగ్గరకు రాలేదు. హుక్కులు కుట్టేది, అంచులు మడిచి కుట్టేది. కోయడం ఫర్జానక్కే. నా మూట మాత్రం ఆగలేదు. "ఇది కోస్తే ముక్కలు చిన్నవి పడతన్నయ్యే, దీనికి పొదుపెక్కువ" అని నవ్వుతూ ఇచ్చేది. అలా నవ్వుతూ ఇచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. డైరీలో 'రేపు చెబుతాను' అని ఎన్ని పేజీల్లో ఉందో. ఎవరైనా ఇంటికొచ్చి చూస్తారేమోనని ఒకరోజు ఆ కొండలకు ముదురు నీలం పూసేశాను, చిలకలన్నీ మునిగిపోయేదాకా. రాత్రి కొండలనుకుంటారులే అని. ఆరాక వెనక నుంచి ఇస్త్రీ చేసి, రంగు ఇక ఎప్పటికీ పోకుండా గట్టి చేసి, పెట్టె అడుగున పెట్టాను.

ఆ తర్వాత వాళ్ళు పేటకు వెళ్ళిపోయారు, ఫర్జానక్కకు అక్కడ మంచి పని దొరికిందని. కిటికీ మూసి ఉంది. పోయిన ఆదివారం ఫర్జానక్క ఫోన్ చేసింది, సొంతంగా షాపు పెడుతున్నానని, రెండో శనివారం ప్రార్థన అని, రమ్మని. నాయనమ్మకు చెవులు సరిగా వినబడవు, ఫోను స్పీకర్‌లో పెడుతుంది, అందుకని నేనూ విన్నాను.

"అమ్మ ఎట్టుందే?" అంది నాయనమ్మ.

"ఏం చెప్పేది హన్నమ్మ పెద్దమ్మా. కూర్చోనే ఉంటది. కత్తెర ముట్టుకోదు. తాళం ఏశానా లేదా అని మూడుసార్లు లేచి చూసుద్ది. అన్నం తిన్నానా అని కూడా నన్నే అడుగుద్ది. డాక్టరుకి చూపిస్తే ఏం లేదన్నాడు. ఆ చేతులు పోయిన కాణ్నించే. నా మతి పోయిందే అంటది, ఏమన్నా అంటే."

నేను గిన్నెలు తోముతున్నాను. బూడిద చేతుల్తో అలాగే కూర్చున్నాను. ఆమెకు మతి పోలేదు. ఆమె ఏదీ పొయ్యిలో వేయలేదు. ఈ ప్రపంచంలో ఆ సంగతి తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే, ఆ ఒక్కదానికి నోరు లేదు.

షాపుకని ఒక కొత్త బొంత చేశాను, బెండపూలది, చాలా శుభ్రంగా వచ్చింది, కాగితంలో చుట్టి కూడా పెట్టాను. నిన్న సాయంత్రం దాన్ని పక్కన పెట్టి, పెట్టె అడుగు నుంచి దీన్ని తీశాను. నీలం మీద పసుపు వేస్తే ఆకుపచ్చగా దిగుతుంది, ముందు తెలుపు వేయాలి. నిన్న తెలుపు వేశాను. ఇవాళ తెల్లవారగానే పసుపు. పసుపు కాస్త ఆరాక చిలకలు. చిలక ఎలా ఉండేదో సరిగా గుర్తు రాలేదు. అప్పుడు కొండ అంచున నాలుగు కుట్లు విప్పి, లోపలికి మడిచిన గుడ్డను తిప్పి చూస్తే, అక్కడ రంగు తగలని చోట ఒక చిలక, తోక మడతలోకి పోయి, కొత్తగా ఉంది. దాన్ని చూసుకుంటూ ఒక్కొక్కటే వేశాను. ముప్పై ఏడు. నా చిలకల మెడలు కొంచెం పొట్టివి. బస్సు వేళ అయిపోయింది. నాయనమ్మ గుమ్మంలోంచి, "రంగుల పండగా ఇయ్యాళ, కదులు!" అని అరుస్తోంది. చేట తెచ్చుకున్నాను.

బస్సు కోటప్పకొండ కనబడే మలుపు దగ్గరకొచ్చింది. డ్రైవరు గేదెల కోసం బ్రేకు వేశాడు, బస్సంతా ముందుకు ఒరిగింది, మిరపకోత ఆమె చెంగు వచ్చి చేటలో పడింది. నేను లాగేలోపే ఆమే లాక్కుంది. కుడివైపు కొండ మీద మూడు చిలకలు చెదిరిపోయాయి, ఒకదాని తోక కొండ దాటి ఆకాశంలోకి పోయింది. ఆమె చూసుకోలేదు. ఆకుపచ్చ చెంగు మీద పసుపు, ఎరుపు, అరచేతంత. ఎవరూ చూడలేదు. నేను ఊరుకుంటే దిగి పోతుంది. రాత్రి ఇంట్లో చూసుకుని, ఎక్కడ అంటిందో ఇది, నాకు మతి లేకుండా పోతోంది అనుకుంటుంది.

"అత్తా." నా గొంతే. "మీ చెంగుకి రంగు అంటింది. నాదే. నా బొంతది."

ఆమె చెంగు ముందుకు తెచ్చుకుని చూసింది. "ఓసి నీ... ఇది మా కోడలిదే తల్లీ! అడిగి కట్టుకొచ్చా! చేటలు, గీటలు ఏసుకుని బస్సెక్కకపోతే ఏమే? ఇంట్లో ఉండి ఆరబెట్టుకోలేవా?" గట్టిగా తిట్టింది. చుట్టూ అందరూ చూశారు. చెవులు కాలిపోయాయి. ఆ తిట్లు అన్నీ వచ్చి నామీద పడ్డాయి, పడి, అయిపోయాయి. నేను ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాను. తిట్టు అంటే ఇంతేనా అనిపించింది. దీనికా రెండేళ్ళు. "ఇప్పుడే నీళ్ళతో కడిగితే పోతుందత్తా, ఆరకముందే, ఇస్త్రీ చెయ్యకుండా," అన్నాను. అంత పొడుగు మాట కొత్తవాళ్ళతో ఎప్పుడూ అనలేదు. ముందు సీట్లో ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు. కిటికీలోంచి చెంగు బయట పెట్టి ఆమె పిండుతుంటే నాయనమ్మ నీళ్ళు పోసింది. పసుపు నీళ్ళు రోడ్డు మీదికి పోయాయి. "పోయిందిలే, చానావరకు," అంది ఆమె కాసేపటికి, ఇంకా మూతి ముడుచుకునే. ఆమె దిగేటప్పుడు నేను తల ఊపి ఊరుకోలేదు. "సంచి తీసిచ్చినందుకు థాంక్స్ అత్తా," అన్నాను. "ఆఁ, ఆఁ, చేట జాగర్త," అంది.

నరసరావుపేటలో బస్టాండు నుంచి నాయనమ్మ ముందు, చేటతో నేను వెనక, సైకిళ్ళ మధ్య, పూలబండ్ల మధ్య. ఎండకు పైపొర ఆరుతోంది. మాట నాలుక చివరే ఉంది, ఈసారి వెనక్కి పోలేదు. షాపు చిన్నది, గోడలకు లేతనీలం సున్నం, వాసన ఇంకా పోలేదు. ప్రార్థన అయిపోయింది, ఎవరో మిఠాయి పంచుతున్నారు. మధ్యలో కొత్త కోతబల్ల, దాని మీద ఆ వీధిలో ఎవరో మొదటి బేరంగా ఇచ్చిన పూల గుడ్డ. పెద్దమ్మ గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. సన్నబడింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఎవరివో పట్టుకుని కూర్చున్నట్టు.

"అమ్మా, మొదటి కత్తెర నువ్వెయ్యి," అంటోంది ఫర్జానక్క. "పెద్దదానివి, నువ్వే వెయ్యాల."

"నేనొద్దే. మంచిగా షాపు తెరుస్తుంటే నా చేతులెందుకు? ఏం పారేస్తానో ఏమో. నువ్వెయ్యి."

ఫర్జానక్క కళ్ళు తుడుచుకుంటూ కత్తెర తీసుకోబోయింది.

"పెద్దమ్మా," అన్నాను గుమ్మంలోంచే. నా గొంతు షాపంతా వినబడింది. "ఆ జాకెట్టు చేతులు నువ్వు పారెయ్యలా. నేను తీసకపోయా."

"ఏ చేతులే?"

"మంగతాయారమ్మగారివి. పసుపు మీద చిలకలు. కిటికీలో రెండు మూటలున్నయ్. ఏది నాదో నిన్ను అడగలా. నాదనుకుని తీసకపోయి కోసేశా. మర్నాడు తెలిసింది, చెప్పలా."

"పొయ్యిలో...?"

"పొయ్యిలో పడలా పెద్దమ్మా. నువ్వేమీ పొయ్యిలో ఎయ్యలా. ఇయ్యే అయ్యి."

చేట ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె బొమ్మ వైపు చూడలేదు, నాయనమ్మ లాగే అంచు పట్టుకుని తిప్పింది. విప్పిన కుట్ల దగ్గర వేలు దూర్చి, లోపలి మడతను బయటికి తీసింది. పసుపు అంచు మీద చేయి ఎక్కడ అతకాలో గుర్తుకని తను పెట్టిన చిన్న గాటు ఉంది. దాన్ని బొటనవేలితో అటూ ఇటూ తడిమింది.

"ఓసి నీ దుంపతెగ!" నాయనమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. "రెండేళ్ళు నా పక్కన పడుకున్నావు గదే, గుడ్డల్లాగే మాటలు గూడా దాచావా?"

"నువ్వూరుకో హన్నమ్మక్కా," అంది పెద్దమ్మ. నావైపు చూసింది. "రాత్రిళ్ళు లేచి పొయ్యి చూసుకుంటన్నానే. ఇంకా ఏమేం ఏశానో అని. రెండేళ్ళు." నేను తల దించుకోలేదు. ఆమె బుగ్గల మీదికి నీళ్ళు దిగాయి. చెయ్యెత్తింది, కొడుతుందనుకున్నాను, కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. బల్ల దగ్గరకు నడిచింది. పూల గుడ్డను అరచేత్తో ఒకసారి నిమిరి, నిలువు చూసి, అడ్డం చూసి, మడత సరిచేసి, ఫర్జానక్క వైపు చూడకుండానే చెయ్యి చాపింది. కత్తెర వచ్చి ఆ చేతిలో పడింది.

"ఏయ్ సుస్మితా, ఇటు రా," అంది. "నిన్ను తిట్టేది చానా ఉంది. అది తర్వాత. ముందు ఈ కొస పట్టుకో, జారనీకు."